క్రేను కూలి యెవరిది?

కారు గల గృహస్థులు ఏటేట బీమా సొమ్ము చెల్లించుచునే యున్నారు. ఆ పత్రమును విప్పి చదివినవారు మాత్రము అరుదు. అది బీరువాలో పట్టుచీరల క్రింద భద్రముగ నుండును. కావున ఈ నెల అందలి యొక చిన్న షరతును గూర్చి ముచ్చటింప దలచితిమి.

1988 నాటి మోటారు వాహనముల చట్టము విధిగా కోరు బీమా ఇతరులకు గలిగిన నష్టమునకే. అదొక్కటే యున్నవారికి తమ కారు నీడ్పించు ఖర్చులో దమ్మిడీయైనను రాదు. సొంత బండికి గూడ వర్తించు సమగ్ర పాలసీ యున్నచో, ప్రమాదమున కదలలేని కారును సమీపపు మరమ్మతుశాలకు జేర్చి, తిరిగి యప్పగించుటకగు సమంజసమైన ఖర్చును కంపెనీ భరించును. అయితే సాధారణ పాలసీలలో ఒక్కొక్క ప్రమాదమునకు కారునకు 1500 రూపాయలు, స్కూటరునకు 300 రూపాయలు హద్దు. ‘సమీపపు’ అను మాటను మరువరాదు. ఎల్.బి. నగర్‌లో దెబ్బతిన్న బండిని, తెలిసిన మేస్త్రీ యని నగరపు ఆ కొసకు పంపినచో, అదనపు కూలి మనమీదనే పడవచ్చును.

క్రేను కూలి దండుగ యని కొందఱు దెబ్బతిన్న కారును ఎట్లో నడుపుకొని వత్తురు. మరమ్మతునకు ముందు నడుపుటచే పెరిగిన నష్టము యజమానిదే యని షరతు. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు చుట్టుపట్ల కాలనీలు నీట మునిగినవి. వరద నష్టము సమగ్ర బీమాలో చేరినదే. కాని మునిగిన కారునకు తాళము త్రిప్పినచో, లోన జేరిన నీరు ఇంజనును చెఱచును. ప్రత్యేకముగా ఇంజను రక్షణ తీసికొననిచో, ఆ నష్టమును కంపెనీలు త్రోసిపుచ్చుట కలదు. కూలి డబ్బులకు వెనుదీసి ఇంజనును పోగొట్టుకొందుమా?

ప్రమాదము జరిగినచో ముందు మనుష్యులను చూడవలెను. 112కు ఫోను చేయవలెను. పిదప కంపెనీకి తెలిపి, ఫొటోలు తీసి, వారు చెప్పినట్లు బండిని కదలింపవలెను. క్రేనువానితో కూలి ముందే మాటలాడి, రసీదు తప్పక పుచ్చుకొనవలెను. పాలసీని తిరిగి కట్టునపుడు కొంత అదనము చెల్లించి హద్దును పెంచుకొనవచ్చును. రహదారి సహాయమును చేర్చుకొనవచ్చును. కంపెనీ న్యాయము చేయనిచో, హైదరాబాదులోనే బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయము కలదు. అచట ఫిర్యాదునకు రుసుము లేదు.

నేడే ఆ పత్రమును చీరల క్రిందినుండి తీసి చదువుడు. కంపెనీ ఫోను నంబరును ఇంటిల్లిపాదికిని తెలిసియుండునట్లు వ్రాసియుంచుడు.