గాలిలో వచ్చే ఇంటర్నెట్ ఎవరి వాకిట్లో వాలుతుంది?

ఇంటికి తీగ లాగనక్కరలేదట, గుంత తవ్వనక్కరలేదట. ఇంటి కప్పు మీద ఒక పెట్టె బిగిస్తే చాలునట. టవరు నుంచి గాలిలో వచ్చే ఇంటర్నెట్ ఇల్లంతా పారుతుందట. 2023 ఆగస్టులో ఎయిర్‌టెల్ ఢిల్లీ, ముంబైలలోనూ, సెప్టెంబర్ 19న జియో హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాలలోనూ ఈ వ్యాపారం ప్రారంభించాయి. టెలిఫోన్ తీగ మీద వచ్చే డీఎస్ఎల్‌కూ, కేబుల్ వాళ్లిచ్చే కనెక్షన్‌కూ ఇది పోటీ అనీ, పోటీ వల్ల జనానికి మేలు అనీ ప్రచారం చేస్తున్నారు. ఆ మేలు మా చేగుంట మండలంలో కైకిలి చేసుకుని బతికేవాళ్లకు ఏ మాత్రం దక్కుతుందో విచారించాలి.

"కైకిలోళ్లకు ఇంటర్నెట్ ఎందుకు?" అని కొందరు పెద్దమనుషులు నవ్వవచ్చు. మేము కావాలని అడగలేదు, సర్కారే మా మెడకు కట్టింది. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పని దగ్గర రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి ఫోనులో ఎక్కించాలని కేంద్రం హుకుం జారీ చేసింది. ఫోటో ఎక్కకపోతే ఎండలో తట్ట మోసిన మనిషి అసలు పనికే రానట్టు లెక్క. భూమి సంగతీ అంతే. 2020లో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పేరేదైనా పట్టా కాగితం కంప్యూటర్‌లోకి పోయింది. రేషన్ బియ్యానికి వేలిముద్ర వేయాలన్నా సిగ్నల్ కావాలి. 2020లో కరోనాతో బడులు మూతపడినప్పుడు ఫోన్ ఉన్న ఇంటి పిల్లలు పాఠం విన్నారు, లేని ఇంటి పిల్లలు గొర్ల వెంట పోయారు. కాబట్టి ఇది షోకు కాదు. బాట, మంచినీళ్లు, కరెంటు ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం.

మరి ధర ఎంత? జియో మొదలుపెట్టినప్పుడు అన్నిటికన్నా చవక ప్లాన్ నెలకు 599 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 700 దాటింది. ఆ ఏడాది తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 272 రూపాయలు. అంటే రెండున్నర రోజుల కష్టానికి పైమాటే. పెట్టె బిగించినందుకు మరో వెయ్యి. ఏడాది పైసలు ఒక్కసారే కట్టగలవాళ్లకు మాత్రం ఆ వెయ్యి మాఫీ! ఉన్నోళ్లకు రాయితీ, లేనోళ్లకు వడ్డింపు.

ఇక పోటీ సంగతి. కేబుల్ రంగంలో పెద్ద కంపెనీలైన హాత్‌వే, డెన్‌లలో మెజారిటీ వాటా కొంటున్నట్టు రిలయన్స్ 2018లోనే ప్రకటించి, వాటిని చేజిక్కించుకుంది. జియో కూడా రిలయన్స్‌దే. తీగ మీద అమ్మేదీ, గాలిలో అమ్మేదీ ఒకే ఆసామి అయినప్పుడు ఎవరితో ఎవరికి పోటీ? నిజంగా దెబ్బ తినేది ఊళ్లో కేబుల్ నడిపి పొట్ట పోసుకునే పోరగాళ్లే. 2016 సెప్టెంబర్‌లో జియో ఫోన్ సేవ ఉచితమంటూ దిగింది. ఆ దెబ్బకు తట్టుకోలేని కంపెనీలు మూతబడ్డాయి, మిగిలినవి ఒకదానిలో ఒకటి కలిశాయి. 2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలూ దాదాపు ఒకేసారి రేట్లు పెంచాయి. 239 రూపాయల జియో ప్లాన్ 299 అయింది. మేత చూపించి కొట్టంలోకి తోలినంక తలుపు వేయడమంటే ఇదే.

గాలి ఇంటర్నెట్‌కు హద్దులు కూడా ఉన్నాయి. ఒక బోరు కింద నాలుగెకరాలు బాగా పారుతాయి, నలభై ఎకరాలకు తిప్పితే ఏ మడీ తడవదు. టవరూ అంతే. పొద్దుగూకినంక అన్ని ఇళ్లవాళ్లూ ఒక్కసారే పెడితే అందరికీ సన్నగిల్లుతుంది. ఎక్కువ మందికి ఎక్కువ వేగం ఇవ్వాలంటే ఆ టవరు దాకా భూమిలో ఫైబర్ తీగ ఉండాల్సిందే.

ఆ తీగను పల్లెకు తెచ్చే పని ప్రజల సొమ్ముతోనే సాగింది. ప్రతి పంచాయతీకీ ఫైబర్ వేస్తామని కేంద్రం 2011లో నిర్ణయించింది, తర్వాత దానికి భారత్‌నెట్ అని పేరు పెట్టింది. తెలంగాణలో మిషన్ భగీరథ పైపుల గుంతల్లోనే టీ-ఫైబర్ తీగ వేశారు. పల్లెలకు సేవ అందించడం కోసమని టెలికం కంపెనీల ఆదాయంలో 5 శాతం వసూలు చేసే నిధి కూడా రెండు దశాబ్దాలుగా ఉంది. మనం చేసే ప్రతి రీచార్జిలో ఆ వాటా ఉంది. అయినా పంచాయతీ ఆఫీసులో కనెక్షన్ సరిగా నడవకపోతే జవాబు చెప్పేవాళ్లు ఉండరు.

ప్రభుత్వ రంగంలోని బీఎస్ఎన్ఎల్‌ను ఏం చేశారో కూడా చూడండి. 2019లో స్వచ్ఛంద విరమణ పేరుతో 78 వేల మందికి పైగా ఉద్యోగులను సాగనంపారు. ప్రైవేటు వాళ్లు 5జీలోకి పోయినంక, 2025 సెప్టెంబర్‌లో గాని దేశమంతటా దాని 4జీని ప్రారంభించలేదు. కాళ్లు కట్టేసి పరుగు పందెంలోకి దింపి, ఓడిపోయిందని ఎగతాళి చేయడం న్యాయమా?

మేము యంత్రానికి విరోధులం కాము. గుంత తవ్వలేని గుట్ట మీది తండాకు గాలిలో ఇంటర్నెట్ ఇస్తే మంచిదే. అది ఎవరి చేతిలో ఉంది, ఎవరి కోసం నడుస్తోంది అన్నదే ప్రశ్న. కేరళలో వామపక్ష ప్రభుత్వం ఇంటర్నెట్ ప్రజల హక్కు అని చెప్పి, 2023 జూన్ 5న కేఫోన్‌ను ప్రారంభించింది. 20 లక్షల పేద కుటుంబాలకు ఉచితంగా ఇవ్వాలన్నది లక్ష్యం. మొదటి విడతలో 14 వేల కుటుంబాలను తీసుకున్నారు. గమ్యం దూరమే కావచ్చు, కాని దారి అది.

2025 డిసెంబర్ ఎన్నికలతో మన పంచాయతీలకు కొత్త సర్పంచులు వచ్చారు. గ్రామసభల్లో రైతు కూలీలు లేచి ఈ తీర్మానాలు పెట్టాలి. పంచాయతీ, బడి, అంగన్‌వాడీలలో ఫైబర్ కనెక్షన్ నిజంగా నడవాలి. అక్కడ పేదలు పైసా కట్టకుండా తమ భూమి కాగితాలు చూసుకోగలగాలి. తీగ పోలేని తండాలకు ఆ 5 శాతం నిధి నుంచి బీఎస్ఎన్ఎల్ ద్వారా గాలి కనెక్షన్ ఇవ్వాలి. అన్నిటికన్నా ముందు, పథకం పేరు ఏది మారినా, సిగ్నల్ లేదని ఏ కూలీకీ ఒక్క పూట కూలి కూడా కోయగూడదు. ఫోటో ఎక్కని రోజు కాగితం మస్టరే చెల్లాలి. చేసిన పనికి సాక్ష్యం తవ్విన మట్టి.