దివాలా పిమ్మట తనఖా యిల్లు

దివాలా దరఖాస్తు పెట్టినంతనే ఋణబాధ యంతయు తీరునని మన పట్టణ గృహస్థులనేకులు తలచుచున్నారు. ఇది సత్యము కాదు. పరప్రభుత్వమువారు 1920 లో చేసిన దివాలా చట్టము ననుసరించి కోర్టువారు విడుదల నొసగినచో చేబదుళ్లును, నోటు బాకీలును తొలగును. తనఖా పట్టిన ఋణదాత హక్కు మాత్రము చెక్కుచెదరదు. మనుష్యుడు విడుదలయగును గాని యిల్లు విడుదల కాదు.

కావున ఇల్లు నిలుపుకొన గోరువారు జీతము చేతబడగానే తనఖా వాయిదాను వేరుపరచి, మిగిలినదానితో సంసారము గడుపుకొనవలెను. అది శక్తికి మించినదైనచో రిసీవరుతోను ఋణదాతతోను ముందే మాటలాడి తగిన ధరకు అమ్మించుట మేలు. వడ్డీ పెరిగి వేలము వచ్చిన పిదప మిగులునది స్వల్పము.

జీతములో మొదటి వేయి రూపాయలును, తక్కినదానిలో మూడింట రెండు పాళ్లును సామాన్యపు బాకీల జప్తునకు లోబడవు. 2002 లో నిర్ణయించిన ఈ వేయి రూపాయలు నేటి ధరలకు ఏపాటి? 2016 నాటి నూతన దివాలా స్మృతిలో వ్యక్తులకును ప్రకరణములున్నవి. కాని 2019 లో అవి కంపెనీల అప్పులకు జామీను నిలిచినవారి విషయముననే అమలులోనికి వచ్చినవి. కంపెనీలయెడ చూపిన శ్రద్ధ సామాన్య గృహస్థునియెడ నేల చూపరాదు? శాసనకర్తలు ఈ లోపమును సవరింపవలెనని మేము కోరుచున్నాము.