ఆ చిల్లు పూడ్చకండి!

పిట్లంలో రెండు రోజులుగా ముసురు. వాకిట్లో వేపచెట్టు కింద పాత తెల్ల అంబాసిడర్ తడుస్తూ ఉందనుకోండి. తెల్లవారి మనవడు తలుపు లాగేసరికి లోపల గలగలమని చప్పుడు.

"తాతా, తలుపుల నీళ్లున్నయే!"

పెద్దాయన నమ్మలేదు. "అడుగున చిల్లులుంటే మొన్ననే లప్పం పెట్టించిన కదరా... నీళ్లెట్ల పోతయి?"

నీళ్లు పోయింది కింది నుంచి కాదు, పైనుంచి. అద్దం జారే సందులో రబ్బరు పట్టీ ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండకు అది గట్టిపడి పగుళ్లిస్తుంది. కొత్తదైనా నీళ్లను పూర్తిగా ఆపలేదు. అందుకే కారు తయారుచేసినవాళ్లే తలుపు అడుగంచున చిన్న చిన్న రంధ్రాలు వదిలారు, చేరిన నీళ్లు చేరినట్టే కారిపోవాలని. పెద్దాయన పూడ్పించింది సరిగ్గా వాటినే!

చెరువు కింద సాగు చేసే ఊళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మత్తడి మూస్తే కట్టకు గండి పడుతుంది. కారు తలుపుకూ అంతే. కాకపోతే ఆ గండి ఒక్క రాత్రిలో పడదు. కొన్ని వానాకాలాలు పడుతుంది.

లోపలి నుంచే దెబ్బ

ఇనుముకు నీరూ గాలీ కలిసి తగిలితే తుప్పు. తలుపు లోపల రెండూ ఉన్నాయి, ఎండ మాత్రం చేరదు. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు పొక్కుతుంది. బయట శనగగింజంత పొక్కు కనిపించిందంటే లోపల రేకు చాలావరకు తినేసి ఉండొచ్చు. దానిపై లప్పం పెట్టి రంగు కొట్టిస్తే రోగం దాగుతుంది కానీ నయం కాదు.

అసలు భయం తలుపుల కింద గడపలా పొడుగ్గా ఉండే భాగంతో. అది లోపల బోలుగా ఉంటుంది. దానికీ అడుగున రంధ్రాలుంటాయి. అంబాసిడర్‌కు లారీలాగా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. ఆ గడప పుచ్చిపోతే పోయేది అందం కాదు, బలం. జాకీ పెడితే రేకు లోపలికి దిగబడుతుంది. ప్రమాదంలో మనుషుల్ని కాపాడాల్సిన ఇనుము అప్పటికే పొడైపోయి ఉంటుంది. పోనీ, కొత్తది కొందామా అంటే హిందుస్థాన్ మోటార్స్ 2014లోనే అంబాసిడర్ తయారీ ఆపేసింది.

ఏటా ఒక్క పూట

వానలకు ముందు ఒకసారి, వెలిసిన తర్వాత ఒకసారి రంధ్రాలు చూసుకోవాలి. తలుపుల అడుగున, గడపల కింద, డిక్కీలో నీరు నిలిచే గుంటల్లో, ముందు అద్దం కింద గాలి వెళ్లే జాలీ దగ్గర వెతకండి. రోడ్ల మీద వడ్లు ఆరబోసే రోజుల్లో రేగే ఊక, దుమ్ము, వేపాకులు, టైర్లు చిమ్మిన మట్టి... వీటిలో ఏదో ఒకటి అడ్డుపడి ఉంటుంది.

ఇనుప మేకుతో పొడవొద్దు. రంగు గీరుకుపోతే అక్కడే తుప్పు మొదలవుతుంది. మెత్తటి ప్లాస్టిక్ పుల్ల చాలు. పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే మరీ మంచిది. అద్దం మూసి, దాని మీద చెంబెడు నీళ్లు పోయండి. కాసేపటికి తలుపు కింద చుక్కలు రాలితే దారి ఉన్నట్టే.

తర్వాత తలుపులు బార్లా తెరిచి ఎండలో బాగా ఆరనివ్వాలి. ఆరిన తర్వాతే లోపల మైనం లాంటి తుప్పు నిరోధక పూత స్ప్రే చేయించాలి. తడి మీద పూత వేస్తే తేమను లోపల బంధించినట్టే. పూత గడ్డకట్టి రంధ్రాలను మూసిందేమో మళ్లీ చూసుకోవాలి. వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయొద్దు, రబ్బర్లు పాడవుతాయి. ప్లాస్టిక్ పట్టా కప్పడం కూడా మేలు కాదు. కింద ఆవిరి పట్టి కారు లోలోపల తడుస్తుంది. గాలి ఆడే గుడ్డ కవరు నయం.

ఇప్పటికే లప్పంతో మూయించి ఉంటే తీయించండి. రేకు తిన్నచోట పుచ్చినంత మేర కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. జింక్ ప్రైమర్ పట్టించి ఆ తర్వాత రంగు వేయించాలి. టింకరింగ్ షెడ్డులో బండి దించేటప్పుడే ఒక్క మాట చెప్పండి, "కింది రంధ్రాలు వదిలెయ్యాలె" అని.

వచ్చే వానకు గొడుగు పట్టుకుని ఒకసారి కారు దగ్గర నిలబడండి. తలుపు కింద నుంచి నీళ్లు కారుతుంటే కంగారు పడొద్దు. కారకపోతేనే కంగారు పడాలి.