సూదియు లెక్కయు

పని నేర్చినంతమాత్రమున స్త్రీపురుషులకు సమానమైన జీవనము లభించునా? నరసాపురపు లేసుపనిని చూడుడు. 19వ శతాబ్దమున మిషనరీలు ఆ ప్రాంతపు స్త్రీలకు ఈ అల్లిక నేర్పిరి. అల్లిక స్త్రీలకే నిలిచెను. సరకును కూర్చి విదేశములకు బంపు వర్తకము పురుషుల పాలయ్యెను. దినమునకు 6 మొదలు 8 గంటలు అల్లినను వారు గృహిణులుగానే యెంచబడిరిగాని కార్మికులుగా గాదని మరియా మీస్ అను జర్మను విదుషి 1982లో వెలువడిన తన గ్రంథమున చూపెను. లోపము వారి చేతిపనియందు లేదు. గడప దాటనీయని కట్టుబాటునందున్నది.

కావున, పెనుగొలను తలిదండ్రులారా! కుమార్తెకు కుట్టుపని నేర్పించునపుడు జమాఖర్చులును బేరమునుగూడ నేర్పింపుడు. కుమారునివలె ఆమెనుగూడ పనికై పొరుగూరికి పంపుడు. సూది ఆమె చేతను, డబ్బుసంచి యితరుల చేతను ఉన్నంతకాలము ఆ విద్య కూలియేగాని వృత్తి కానేరదు.