ఈఎస్‌ఐ జీతం పరిమితి పెంపుపై చిన్న పరిశ్రమల యజమానుల వినతిపత్రం

గౌరవనీయులైన కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రివర్యుల దివ్య సముఖమునకు,

జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి, నాచారం పారిశ్రామిక వాడల్లో చిన్న యూనిట్లు నడుపుకుంటున్న యజమానులు సమర్పించుకుంటున్న విన్నపం.

విషయం: ఈఎస్‌ఐ వర్తించే నెల జీతం పరిమితిని పెంచే ప్రతిపాదనపై మా ఆందోళనలు, కోర్కెలు.

అయ్యా,

ఈఎస్‌ఐ జీతం పరిమితి 2017 జనవరి 1 నుంచి రూ.21,000 దగ్గరే ఉంది. దాన్ని రూ.30,000కు పెంచాలన్న ప్రతిపాదన చాలాకాలంగా చర్చలో ఉంది. ఈలోగా జీతాలు పెరిగాయి. జీతం పరిమితి దాటిన లేత్ ఆపరేటర్లు, వెల్డర్లు పథకానికి దూరమవుతున్నారు. కాబట్టి పెంపే వద్దని మేం అనడం లేదు. పది పదిహేను మంది పనిచేసే షెడ్డులో ఒకరికి పెద్ద జబ్బు చేస్తే నెలల తరబడి జీతమిచ్చే తాహతు మాకు లేదు. అందరూ తలా కొంత కట్టి నడిపే బీమాయే కార్మికుడికీ మాకూ దిక్కు. ఆ పెంపు ఎప్పుడు, ఏ పద్ధతిలో జరగాలన్నదే మా విన్నపం.

ముందు డబ్బు సంగతి. ఇప్పుడు యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. నెలకు రూ.25,000 తీసుకునే కార్మికుడు కొత్తగా పథకంలోకి వస్తే మేం కట్టాల్సింది రూ.812.50, అతని జీతంలో కోత రూ.187.50. అలాంటివారు పదిమంది ఉంటే మా మీద పడేది ఏడాదికి రూ.97,500. పెద్ద కంపెనీకి ఇది లెక్కలోకి రాదు. జాబ్ వర్క్ మీద బతికే యూనిట్‌కు మాత్రం ఏడాది మిగులులో పెద్ద భాగమే పోతుంది.

కట్టాల్సిన గడువు మరో ఇబ్బంది. చందా మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. మాకు రావాల్సిన బిల్లులకు అంత కచ్చితమైన గడువు అమలు కావడం లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం 45 రోజులు దాటకుండా డబ్బు చేతికి రావాలి. చాలామందికి మూడు నెలలైనా రాదు. ఫిర్యాదు చేస్తే తర్వాతి ఆర్డరు పోతుందన్న భయంతో ఎవరూ నోరు మెదపరు.

ఇక అనారోగ్య భత్యం. జబ్బు పడ్డ కార్మికుడికి ఈఎస్‌ఐ సగటు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తుంది. ఇది మంచి ఏర్పాటు. అయితే కొత్తగా బీమాలోకి వచ్చినవారికి వైద్యం వెంటనే అందినా, నగదు భత్యానికి తొమ్మిది నెలలు ఆగాలి. పరిమితి పెంచిన రోజున చేరేవాళ్లలో పదేళ్లుగా మా దగ్గరే పనిచేస్తున్నవారు ఉంటారు. వారికి ఆ తొమ్మిది నెలల్లో జబ్బు చేస్తే చందా కడుతూనే జీతం భారమూ మేమే మోయాలి, లేదా ఆ ఇల్లు పస్తులుండాలి. పైగా సాధారణంగా మొదటి రెండు రోజులకు భత్యం రాదు. మా షెడ్లలో ఎక్కువగా వచ్చేవి రెండు మూడు రోజుల జ్వరాలే. కాబట్టి తగువు వచ్చేదీ ఆ రెండు రోజుల జీతం దగ్గరే.

రూ.21,000 దాటినవారికి మాలో కొందరు ఇప్పటికే గ్రూప్ ఆరోగ్య బీమా చేయించారు. ఆ ప్రీమియం ఏడాదికి ఒకేసారి కడతాం. పాలసీ నడుస్తుండగా పరిమితి మారితే ఒకే మనిషికి రెండు బీమాల డబ్బు కట్టినట్లవుతుంది.

కావున మా కోర్కెలు:

1. పరిమితిని ఒక్కసారిగా కాక రెండు దశల్లో పెంచాలి. ప్రతి దశనూ ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తూ, కనీసం ఆరు నెలల ముందే ప్రకటించాలి.

2. యజమాని, కార్మికుల చందా శాతాలు ఇప్పుడున్నంతే ఉంచాలి.

3. గ్రూప్ బీమా ఉన్న యూనిట్లకు ఆ పాలసీ గడువు ముగిసేదాకా వెసులుబాటు ఇవ్వాలి.

4. పరిమితి పెంపుతో చేరే పాత ఉద్యోగులకు తొమ్మిది నెలల నిరీక్షణ తీసేయాలి. డాక్టరు ధ్రువీకరించిన సెలవు మూడు రోజులు దాటితే మొదటి రోజు నుంచే భత్యం ఇవ్వాలి.

5. సెలవు సర్టిఫికెట్, తిరిగి పనిలో చేరేందుకు ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అదే రోజు ఆన్‌లైన్‌లో యజమానికి చేరాలి. అప్పుడు దొంగ సెలవుల అనుమానమూ ఉండదు, నిజంగా జబ్బు పడ్డవాడికి అవమానమూ ఉండదు.

6. ఇరవై మంది లోపు పనిచేసే యూనిట్లకు, 45 రోజులు దాటిన బకాయిల ఆధారం చూపితే, ఆలస్యపు వడ్డీ మినహాయించాలి.

7. కొత్త సభ్యులు చేరకముందే పారిశ్రామిక వాడల డిస్పెన్సరీల్లో డాక్టర్లను, మందులను పెంచాలి.

ఈ పథకం నడిచేది ప్రధానంగా కార్మికుల, యజమానుల చందాల మీదే. కాబట్టి తేదీ ఖరారు చేసే ముందు కార్మిక సంఘాలతో పాటు చిన్న యూనిట్ల ప్రతినిధులను కూడా పిలిచి మాట్లాడాలని, పై కోర్కెలను సానుభూతితో పరిశీలించి తగు ఉత్తర్వులు ఇప్పించాలని సవినయంగా ప్రార్థిస్తున్నాము.

ఇట్లు,
భవదీయులు,
చిన్న పరిశ్రమల యజమానులు,
హైదరాబాద్.

ప్రతి: తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ మంత్రివర్యులకు.