వాన పడితే టికెట్టు రేటు పెంచుతామా?

“ఈ రోజుల్లో కూడా మీటరు టాక్సీ ఎక్కే తెలుగువాణ్ణి నిన్నొక్కణ్ణే చూస్తున్నానయ్యా!”

మొన్న దసరాకి ఫ్రాంక్‌ఫర్ట్‌లో తెలుగువాళ్ళం కలిసినప్పుడు, పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని ఒక మిత్రుడు అందరికీ వినపడేలా అన్న మాట ఇది. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నవ్వరూ మరి! అక్కడున్న పదిమందిలో ఎనిమిదిమంది నాలాగే సాఫ్ట్‌వేర్ వాళ్ళు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, ఇరవయ్యేళ్ళుగా కంపెనీలకి సలహాలు అమ్ముకుని బతుకుతున్న మనిషి, సెలవులకి ఏ ఊరెళ్ళినా ఫోన్లో కారు పిలవకుండా రోడ్డు పక్కన నిలబడి చెయ్యి ఊపుతాడంటే వాళ్ళకి చాదస్తంగానే కనపడుతుంది. అప్పుడు నేనూ నవ్వేసి ఊరుకున్నాను. నోటినిండా పులిహోర పెట్టుకుని వాదించడం నావల్ల కాదు. ఇప్పుడు తీరిగ్గా కూర్చున్నాను కాబట్టి జవాబు చెప్తాను.

ముందు నా సంగతి ఒప్పుకోవాలి. పోయిన జులై దాకా నేనూ ఆ ఎనిమిదిమందిలో ఒకణ్ణే. ఇంకా మాట్లాడితే వాళ్ళకంటే ఓ మెట్టు పైనున్నవాణ్ణి. గిరాకీని బట్టి గంటగంటకీ ధర మార్చే ప్రోగ్రాములు రాయడం నా వృత్తిలో ఒక భాగం. కార్లకి కాదు, గిడ్డంగుల్లో సరుకుకి. లెక్క మాత్రం ఒకటే. ‘అవతలివాడి అవసరం పెరిగితే ధర పెంచు’ అన్న ఒక్క వాక్యాన్ని నాలుగు వందల లైన్లలో రాసి, దానికి బిల్లు పంపి, డబ్బు పుచ్చుకున్నవాణ్ణి.

మా నాన్నగారు ఆర్టీసీ కండక్టరు. గుడివాడ డిపోలో ముప్ఫై నాలుగేళ్ళు టికెట్లు కొట్టి రిటైరయ్యారు. పోయిన జులైలో అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చినప్పుడు, నాలుగు రోజులు బెర్లిన్ చూపిద్దామని తీసుకెళ్ళాను. కుర్‌ఫ్యూర్‌స్టెన్‌డామ్ దగ్గర హోటలు. మొదటి రోజు పొద్దున్న ఫోన్లో కారు పిలిచాను. మ్యూజియం ఐలండ్‌కి పదమూడు యూరోలు. నాన్నగారు ఆశ్చర్యపోయారు. “బేరం ఫోన్లోనే అయిపోయిందా?” అన్నారు. కారులో ఉన్నంతసేపూ ఆయనకి టెక్నాలజీ గురించి ఉపన్యాసం ఇచ్చాను.

సాయంత్రం ఆరింటికి నోయెస్ మ్యూజియంలో నెఫర్టీటీ తల చూసి బయటికొచ్చేసరికి కుంభవృష్టి. శనివారం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగి రైలెక్కలేదు. ఫోను తీస్తే అదే దారికి నలభై ఒక్క యూరోలు చూపించింది. సరేనని నొక్కాను. రెండు నిమిషాల్లో వస్తానన్న కారు తెరమీద మావైపు వస్తూ వస్తూ పక్క వీధిలోకి తిరిగిపోయింది. రైడు క్యాన్సిల్. రెండోదీ అంతే. మూడోసారి నొక్కేటప్పటికి ధర నలభై ఆరు.

“పొద్దున్న పదమూడన్నావు కదరా?” అన్నారు నాన్నగారు.

“వాన పడుతోంది కదా నాన్నా, గిరాకీ ఎక్కువ.”

“వాన పడితే టికెట్టు రేటు పెంచుతామా?”

నేను ఊరుకోలేదు. ధర పెరిగితే ఇంట్లో కూర్చున్న డ్రైవర్లు కూడా బయటికొస్తారనీ, అప్పుడు అందరికీ కార్లు దొరుకుతాయనీ కాలేజీలో చదువుకున్నదంతా ఆ చూరు కింద నిలబడి వివరించాను. ఆయన ఓపిగ్గా విని, “అయితే ఆ పెంచిన ఇరవై ఎనిమిదిలో ఆ డ్రైవరబ్బాయికి ఎంతిస్తారు?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అలాంటి లెక్కలే కట్టి బతుకుతున్న నాకు, ఆ ముక్క తెలుసుకోవాలన్న ఆలోచన కూడా ఎప్పుడూ రాలేదు.

అంతలో అమ్మ, “ఆ కారు నెత్తిన దీపం వెలుగుతోంది, ఖాళీదేమో చూడరా” అంది. వెన్నరంగు కారు, నెత్తిమీద టాక్సీ బోర్డు. చెయ్యి ఊపితే ఆగింది. అరవయ్యేళ్ళ డ్రైవరు ఆ వానలోనే దిగి, అమ్మకి చెయ్యి అందించి ఎక్కించాడు. మీటరు తిప్పాడు. హోటలు దగ్గర దిగేసరికి ఇరవై రెండు యూరోల నలభై సెంట్లు. వాన లేకపోయినా దాదాపు అంతే అయ్యేది.

పొద్దున్న పదమూడు, సాయంత్రం ఇరవై రెండు. నా మిత్రుడు పట్టుకునేది ఇక్కడే: “చూశావా, పొద్దున్న నీకు తొమ్మిది యూరోలు మిగిలాయి!” మిగిలాయి. ఎవరి దగ్గర్నించి మిగిలాయన్నదే నా ప్రశ్న.

కండక్టరు వేబిల్లు రాసినట్టు రాసి చూద్దాం. జర్మనీలో ఊళ్ళో తిరిగే టాక్సీ ప్రయాణానికి వ్యాట్ 7 శాతం. యాప్ పంపే కార్లు చట్టం లెక్కలో టాక్సీలు కావు, డ్రైవరుతో సహా అద్దెకిచ్చే కార్లు. వాటికి వ్యాట్ 19 శాతం. అంటే నా పదమూడు యూరోల్లో రెండు యూరోలకు పైగా పన్నుకే పోయింది. మిగిలింది పదకొండు లోపు. అందులోంచి యాప్ కమిషను, కారు వాయిదా, బీమా, ఇంధనం, ఆ పైన డ్రైవరు జీతం. 2026 జనవరి నుంచి ఇక్కడ కనీస వేతనం గంటకి 13.90 యూరోలు. మా ప్రయాణానికి పాతిక నిమిషాలు పట్టింది. మా దగ్గరికి ఖాళీగా వచ్చిన సమయం, తర్వాతి బేరం దాకా కాచుకున్న సమయం వేరు. ఎక్కువ పన్ను కట్టి, మధ్యవర్తికి వాటా ఇచ్చి, చట్టప్రకారం జీతమిచ్చి, టాక్సీ కంటే తొమ్మిది యూరోలు తక్కువకి కారు ఎలా నడుస్తుంది? ఎంత గొప్ప ప్రోగ్రామైనా పెట్రోలు ఖర్చు తగ్గించలేదు. తగ్గించగలిగేది మనిషి వాటా ఒక్కటే.

“నువ్వు ఊహిస్తున్నావు” అంటారేమో. 2024లో బెర్లిన్ లైసెన్సు అధికారులు యాప్ కంపెనీల దగ్గరున్న కార్ల జాబితాలు తెప్పించి, తమ రిజిస్టరుతో పోల్చి చూశారు. లైసెన్సే లేని కార్లు వందల్లో బయటపడ్డాయి, వాటిని తీసేయించారు. రెండు పట్టికల్ని పక్కపక్కన పెట్టి సరిచూడడం మన వృత్తిలో మొదటి వారం నేర్పే పని. వాన పడితే రెండు సెకన్లలో రేటు పెంచగల తెలివికి ఆ పని అన్నేళ్ళు చేతకాలేదంటే, నేను నమ్మను.

అసలు టాక్సీ అంటే ఏమిటో మనవాళ్ళకి తెలియదు. ఆ రోజు దాకా నాకూ తెలియదు. ఇక్కడి ప్రయాణికుల రవాణా చట్టం 1961 నాటిది. దాని ప్రకారం టాక్సీకి మూడు బాధ్యతలున్నాయి. బండి నడపడం బాధ్యత, బేరం తక్కువని ఇంట్లో కూర్చోకూడదు. తన పరిధిలో ఎవరడిగినా ఎక్కించుకోవడం బాధ్యత, దగ్గర బేరమని దింపెయ్యకూడదు. నగరం నిర్ణయించిన రేటే తీసుకోవడం బాధ్యత. 2021లో చట్టాన్ని సవరించాక, ముందుగా బుక్ చేసుకుంటే నగరం పెట్టిన హద్దుల మధ్య ధర ఒప్పుకునే వీలు కల్పించారు, మ్యూనిక్‌లో 2023 నుంచి అలా జరుగుతోంది. కానీ హద్దులైతే ఉన్నాయి. యాప్ కారుకి ఈ మూడు బాధ్యతల్లో ఒక్కటీ లేదు. ఆ సాయంత్రం రెండు కార్లు మమ్మల్ని వదిలేసి వెళ్ళడం తప్పు కూడా కాదు, వాటి హక్కు.

ఇక టెక్నాలజీ వాదం. టాక్సీ వాళ్ళు పాతకాలం మనుషులు, యాప్ వాళ్ళు కొత్తకాలం మనుషులు అని మనకో నమ్మకం. ఊబర్ కంపెనీ శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టింది 2009లో. లైసెన్సున్న టాక్సీలని ఫోన్లో పిలిచే ‘మైటాక్సీ’ హాంబర్గ్‌లో పుట్టిందీ 2009లోనే. అదే తర్వాత ఫ్రీ నౌ అయింది, 2025లో అమెరికా కంపెనీ లిఫ్ట్ దాన్ని కొనేసింది. కాబట్టి ఫోను, మ్యాపు, కార్డు చెల్లింపు టాక్సీకీ ఉన్నాయి. లేనిది ఒక్కటే, బాధ్యతల్ని తప్పించుకునే వీలు. ఆ వీలు కోసమే కోర్టుల చుట్టూ తిరిగారు. లైసెన్సు లేని మామూలు మనుషుల కార్లతో నడిపిన ఊబర్‌పాప్‌ని 2015లో ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు దేశమంతటా ఆపింది. ‘మాది రవాణా కంపెనీ కాదు, కేవలం యాప్’ అన్న వాదాన్ని 2017లో యూరోపియన్ కోర్టు కొట్టేసింది. నేను ప్రోగ్రాములు రాసేవాణ్ణి, కాబట్టి ‘కేవలం యాప్’ అన్న మాట ఎంత నిజమో నాకు తెలుసు. ధర ఎంతో చెప్పేది, ఎవరికి బేరం ఇవ్వాలో నిర్ణయించేది, డబ్బు వసూలు చేసేది అదే అయినప్పుడు, యజమాని కాక మరేమిటి?

టాక్సీ యజమానులు మాత్రం పతివ్రతలా? కాదు. బెర్లిన్‌లోనే ఒక టాక్సీ డ్రైవరు స్టాండులో కాచుకుని ఉన్నంతసేపూ మూడు నిమిషాలకోసారి మీట నొక్కాలి, నొక్కకపోతే ఆ సమయాన్ని విశ్రాంతి కింద రాసి జీతం కోసేవారు. 2018లో అక్కడి కార్మిక న్యాయస్థానం అది చెల్లదంది. కార్డు తీసుకోవడం 2015 నుంచి బెర్లిన్ టాక్సీలకి తప్పనిసరైనా, మెషీను పాడైందని మొహం చిట్లించేవాళ్ళు నాకూ తగిలారు. తేడా ఎక్కడంటే, అక్కడ తప్పు జరిగితే నిలదీయడానికి నంబరున్న లైసెన్సు, అచ్చువేసిన రేట్ల పట్టిక ఉన్నాయి. ఆ వానలో నా పక్కన నిలబడ్డవాడికి ఫోను ఎంత ధర చూపించిందో నాకు తెలియదు. తెలుసుకునే దారీ లేదు.

“మరి హైదరాబాదులో యాప్ ఎందుకు వాడతావు?” అని అడగండి. వాడతాను, దణ్ణం పెట్టి మరీ వాడతాను. తెల్లవారుజామున నాలుగింటికి సికింద్రాబాదు స్టేషను బయట పెట్టె బేడాతో నిలబడి, మీటరు వెయ్యని ఆటోలతో బేరమాడిన వాళ్ళకి ఆ సుఖం తెలుసు. అక్కడ యాప్ లేని మీటరు తెచ్చిపెట్టింది. ఇక్కడ ఉన్న మీటరు పీకేస్తోంది. ఒకే మందు రెండు రోగాలకి పనిచేస్తుందనుకోవడమే మన పొరపాటు. ఆ మాటకొస్తే, 2025 జులైలో భారత ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లో గిరాకీ ఎంతున్నా మూలధరకి రెండు రెట్లు మించకూడదని గీత గీసింది. మాకు పడింది మూడు రెట్ల పైన! ఇక్కడ నగరాలకి యాప్ కార్ల కనీస ధర నిర్ణయించే అధికారం ఉంది, 2025లో హైడెల్‌బర్గ్ దాన్ని వాడింది కూడా. మిగతా ఊళ్ళు చాలావరకు ఇంకా ఆలోచిస్తున్నాయి.

నాన్నగారిని ఒక మాట అడిగాను. “సంక్రాంతికి మీ ఆర్టీసీ కూడా స్పెషల్ బస్సుల్లో ఒకటిన్నర రెట్లు తీసుకునేది కదా?” అని.

“తీసుకున్నాం. ముందే పేపర్లో వేసి, బస్సుకి బోర్డు పెట్టి తీసుకున్నాం. మొదటి సీటువాడికీ ఆఖరి సీటువాడికీ ఒకటే రేటు. మోకాళ్ళ నొప్పులున్నవాడు ఎక్కడికీ పోలేడని చూసి రేటు చెప్పలేదు.”

సెలవుల్లో ఉన్న మనిషి సరిగ్గా ఆ మోకాళ్ళ నొప్పులవాడిలాంటివాడే. ఊరు తెలియదు, భాష రాదు, పెట్టెలు మోయలేడు, పిల్లలు ఏడుస్తుంటారు. ఎంత చెప్పినా కట్టక తప్పదు. నాలుగు వందల లైన్ల ప్రోగ్రాము వెతికేది అలాంటివాడినే. కాబట్టి అయ్యా, నా సలహా ఇది. ఈ దేశంలో రైలు వెళ్ళేచోట రైలెక్కండి. మ్యూనిక్ విమానాశ్రయం ఊరికి నలభై కిలోమీటర్ల దూరం, కానీ నలభై నిమిషాల్లో లోకల్ రైలు దింపుతుంది. ఒంటరిగా, చిన్న పెట్టెతో ఉంటే షటిల్ బస్సు మంచిదే. కాస్త ఆగాలి, నలుగురితో సర్దుకోవాలి, ధర మాత్రం ముందే తెలుసు. పెద్దవాళ్ళుంటే, సామానుంటే, రాత్రయితే మీటరున్న టాక్సీ ఎక్కండి. ఫోన్లోనే పిలుచుకోండి, కాదనను, పిలిచేది లైసెన్సున్న టాక్సీనో కాదో చూసి నొక్కండి. పొద్దున్న తొమ్మిది యూరోలు మిగిలినట్టుంటుంది. ఇలాగే పదేళ్ళు మిగుల్చుకుంటే, వానలో అమ్మకి చెయ్యి అందించిన ఆ డ్రైవరు టాక్సీ అమ్మేసుకుని వెళ్ళిపోతాడు. ఆ తర్వాత వాన పడితే ఎంత చెప్తే అంత.

ఆ రోజు హోటలు ముందు దిగాక, నాన్నగారు కదలకుండా నిలబడ్డారు. ఏమిటని అడిగితే, “టికెట్టు ఇవ్వలేదురా” అన్నారు. డ్రైవరు నవ్వి రసీదు రాసిచ్చాడు. కారు నంబరు, తేదీ, మొత్తం, సంతకం. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కింద దాకా చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. పొద్దున్న యాప్ పంపిన బిల్లు నా మెయిల్లో ఎక్కడో ఉంది. అందులో ఆ డ్రైవరుకి ఎంత ముట్టిందో వెతికాను. లేదు.