నమ్మకం – రుజువు : నా అభిప్రాయం



పోయిన ఆదివారం రాత్రి మన డార్మిటరీలో పెద్ద వాదన జరిగింది. "దేవుడున్నాడంటే రుజువు చూపించు" అని ఒక జట్టు, "నమ్మినోనికి రుజువెందుకు" అని ఇంకో జట్టు. లైట్లు ఆర్పినాక కూడా ఆగలేదు. నేను ఏ జట్టులోనూ మాట్లాడలేదు. రెండు జట్లూ ఒక సంగతి మరచిపోయాయని నాకనిపించింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

దసరా సెలవులకు నేను హైదరాబాదులో మా అన్న దగ్గరికి పోయాను. అన్న మాదాపూర్‌లో ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. 1998లో వాజ్‌పేయి గారు ప్రధానమంత్రిగా ఉన్నప్పుడు ప్రారంభించిన సైబర్ టవర్స్ అక్కడికి దగ్గరే. ఆ అద్దాల మేడలు చూసి చూసి నా మెడ నొచ్చింది.

అన్న ఉండే బిల్డింగులోనే పై అంతస్తులో ఒక సాఫ్ట్‌వేర్ ఆయన ఉంటాడు. ఒకరోజు పొద్దున్నే మమ్మల్ని చిలుకూరు బాలాజీ గుడికి తీసుకుపోయాడు. గండిపేట దగ్గరి ఆ దేవుణ్ణి అందరూ "వీసా బాలాజీ" అంటారు. కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు చేస్తారు, కోరిక తీరినాక వచ్చి 108 చేస్తారు. ఆ గుడిలో హుండీ లేదు. నేను ఊరుకోలేక, "దేవుడే వీసా ఇప్పిస్తాడని రుజువేంది?" అని అడిగాను. ఆయన నవ్వి, "తమ్మీ, ప్రదక్షిణలు నా మనసు ధైర్యానికి. నానక్‌రాంగూడల అమెరికా కాన్సులేటుకు పోయేటప్పుడు మాత్రం పాస్‌పోర్టు, కాయితాలు అన్నీ ఫైల్ల పెట్టుకొనే పోత" అన్నాడు. అంటే ఒకే మనిషిలో నమ్మకమూ ఉంది, రుజువూ ఉంది. రెండూ కొట్లాడుకోవడం లేదు.

తిరిగి వచ్చేటప్పుడు అన్న ఏమీ మాట్లాడలేదు. రాత్రి చెప్పాడు. ఈ పనిలో చేరకముందు ఒకతను కంప్యూటర్ ఉద్యోగం ఇప్పిస్తానని 20 వేలు తీసుకున్నాడట. అమ్మ తునికాకు డబ్బులు, మేకలమ్మిన డబ్బులు కలిపి ఇచ్చింది. అతను గుండ్రటి ముద్ర వేసిన ఆర్డరు కాయితం ఇచ్చాడు. అన్న అది పట్టుకొని పోతే గేటు దగ్గరే అది ఉత్త కాయితమని తేలింది. "మనోడే, మన భాషే మాట్లాడిండు, అందుకే నమ్మిన" అన్నాడు అన్న. "ఇప్పుడు నేను గేటుకాడ నిలబడితే, అట్లాంటి కాయితాలే పట్టుకొని పిల్లలు నా దగ్గరికొస్తున్నరు. ఏం చెప్పాలె వాళ్లకు?"

చదువు తక్కువైనవాళ్లే ఇట్లా మోసపోతారని నేననుకున్నాను. మన సోషల్ సారు సత్యం కంప్యూటర్స్ కథ చెప్పినాక నా మాట వెనక్కి తీసుకున్నాను. అది హైదరాబాదు కంపెనీయే. సుమారు 50 వేల మంది పనిచేసేవారు. 2008లో మంచి పాలనకని గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు గారు తానే ఉత్తరం రాసి, లెక్కలు తప్పని ఒప్పుకున్నారు. నగదు, బ్యాంకు నిల్వలని చూపిన 5,361 కోట్ల రూపాయల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవు. నకిలీ బ్యాంకు రసీదులు దర్యాప్తులో బయటపడ్డాయి. ఆ లెక్కల కింద ఆడిటర్ల సంతకాలున్నాయి. 2015లో ప్రత్యేక కోర్టు రాజు గారితో సహా 10 మందికి జైలుశిక్ష వేసింది. వారు అప్పీలు చేసుకున్నారు.

ఇక్కడ రుజువు లేక కాదు, రుజువని చూపినదే అబద్ధం కావడం వల్ల మోసం జరిగింది. మన నమ్మకం కోరేవాడు తన చేత్తో ఇచ్చిన కాయితం రుజువు కాదు. బ్యాంకులో డబ్బుందా అని బ్యాంకునే అడగాలి. ఉద్యోగం ఉందా అని ఆ ఆఫీసునే అడగాలి.

మా అమ్మమ్మ రెండేళ్లకోసారి మేడారం పోయి సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బెల్లం ఇస్తుంది. తల్లులున్నారా అని ఏనాడూ రుజువు అడగలేదు. నేనూ అడగను. కానీ అదే బెల్లం కొనేటప్పుడు కాటా ముల్లు నిలబడేదాకా కొంగుముడి విప్పదు. "బాపూ, నీ తూకం రాయి ఇటియ్యి" అని చేత్తో పట్టి చూస్తుంది. దుకాణదారు ముప్పై ఏండ్లుగా తెలిసినవాడే, అయినా చూస్తుంది. అతనూ ఏమీ అనుకోడు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. నేను నా మనసులోంచి ఇచ్చే నమ్మకానికి రుజువు అక్కరలేదు, దాన్ని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ నమ్మకం చూసి ఎవరైనా మన దగ్గర డబ్బో, సంతకమో, ఓటో అడిగితే, అప్పుడు కాటా తీయాలి. రుజువు అడగడం అవమానం కాదు. నిజాయితీగా ఉన్నవాడికి దానివల్ల నష్టం లేదు.

చివరగా వార్డెన్ గారికి ఒక మనవి. రోజూ మెస్సుకు తీసిన బియ్యం, పప్పు, నూనె లెక్క వంటగది బయట బోర్డు మీద రాయించండి. మీ మీద అనుమానంతో అడగడం లేదు సార్. మిమ్మల్ని నమ్ముతున్నాం కాబట్టే ధైర్యంగా అడుగుతున్నాం. మేం అడగడం నేర్చుకుంటే, రేపు మాదాపూర్ గేటు దగ్గర ఉత్త కాయితం పట్టుకొని నిలబడం.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
పదవ తరగతి విద్యార్థి